వేడి ఇసుక మీద సాంబ్రాణి

ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు పైకప్పు మీదికి పోతాయి. కూర్చోమని కుర్చీ చూపిస్తారు, మంచినీళ్ళు తెస్తారు, నేను మాత్రం మెడ ఎత్తుకుని దూలాల వంక చూస్తూ ఉంటాను. బల్లి పడుతుందేమోనని భయపడుతున్నాననుకుంటారు కొందరు. బూజు చూసేశానేమోనని ఇంటావిడ మొహం చిన్నబుచ్చుకుంటుంది. నాకు బల్లులతో పని లేదు, బూజుతో అసలే లేదు. వయసంతా పైకి చూస్తూ బతికినవాణ్ణి, ఇప్పుడు దించమంటే మెడ దిగదు.

ఈమధ్య కంటి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంటే, ఒకతను పొడవాటి కర్రకు డబ్బా ఒకటి తగిలించుకుని వచ్చాడు. పైకప్పుకు బిగించిన తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ దగ్గరికి ఆ డబ్బా చేర్చి కాస్త పొగ చిమ్మాడు. ఎక్కడో కుయ్యిమంది. ఇంకో బిళ్ళ దగ్గరికి పోయాడు. నేను లేచి అతని వెనకాలే నడవడం మొదలుపెట్టాను. కంట్లో చుక్కలు వేసి కదలొద్దన్నారు, లోకమంతా మసకమసకగా ఉంది, వెనక నుంచి నర్సమ్మ కేకలేస్తోంది. అయినా ఆగలేదు.

"ఇవి పొగకు మోగేవా, వేడికి మోగేవా?" అని అడిగాను.

"పొగకు, తాతా. వంటింటి దగ్గరివి వేడికి," అన్నాడతను.

"వేడివి మేం ఇసుకతో పరీక్ష చేసేవాళ్ళం."

అతను నా వంక జాలిగా చూసి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నర్సమ్మకు అప్పగించాడు. మంటలార్పే ఇసుక గురించి చెబుతున్నాననుకున్నాడు పాపం. నేను చెప్పింది శెనక్కాయలు వేయించే ఇసుక గురించి. కళ్ళు మూసుకుని బెంచీ మీద కూర్చున్నానన్న మాటే గానీ, నా ముక్కుకు ఆ వేడి ఇసుక వాసన, దాని వెనకాలే సాంబ్రాణి వాసన వచ్చేశాయి. ఆ రెండూ కలిసిన వాసన లోకంలో ఒక్క చోటే ఉండేది. అదీ ఒక్క పండగ నాడే.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను బెంగళూరులో ఒక నూలు మిల్లులో పని చేశాను. సైన్యానికి ఖాకీ గుడ్డ నేసే మిల్లు. నూలు మిల్లు అంటే గాలి నిండా దూది పీచే. తల మీద, కనురెప్పల మీద, అన్నం క్యారియర్ మీద, యంత్రాల మీద పేరుకుంటూనే ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, ఆ పీచును పట్టుకుని మంట హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతుంది. అందుకని దూలాలకు వరసగా ఇత్తడి డబ్బీలు బిగించారు. తాంబూలంలోకి సున్నం పెట్టుకునే డబ్బీ ఎంత ఉంటుందో అంతే ఉండేవి. చుట్టూ చిల్లులు, లోపల రెండు లోహాలను కలిపి అతికించిన సన్నటి రేకు. వేడి తగిలితే ఆ రేకు వంగి ఎదురుగా ఉన్న మొనను ముట్టుకుంటుంది. ముట్టుకుంటే తీగలో కరెంటు పారుతుంది, హాలు గుమ్మం పక్కనున్న గంట గణగణమంటుంది. ఇంగ్లీషులో దానికేదో పెద్ద పేరు ఉండేది. మిల్లులో అందరూ నిప్పు డబ్బీ అనేవాళ్ళు. నన్నేమో గంటప్ప అనేవాళ్ళు.

ఆ డబ్బీలను, గంటను బతికించి ఉంచడం నా ఉద్యోగం. గంటకు కరెంటు ఇచ్చే బ్యాటరీలు ఒక చిన్న గదిలో గాజు జాడీల్లో ఉండేవి. జాడీల్లో నవాసారమనే ఉప్పు కలిపిన నీళ్ళు, అందులో జస్తపు, అంటే జింకు కడ్డీలు. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోతే పోయాలి, కడ్డీలకు తెల్లగా ఉప్పు పూస్తే గీకాలి. పొడుగు వెదురుకు చీపురు కట్టి డబ్బీల మీది పీచు దులపాలి. వారానికోసారి గంట పక్కనున్న మీట నొక్కి గంట మోగించాలి. మీట నొక్కితే గంట మోగిందంటే తీగలు బాగున్నాయని అర్థం. అంతవరకే. పైన ఉన్న డబ్బీల్లో ఏది మేలుకుని ఉందో, ఏది నిద్రపోతోందో ఆ మీటకు తెలియదు. అది తెలియాలంటే ఒక్కొక్క డబ్బీకీ నిజంగా వేడి చూపించాల్సిందే. ఆ పని మిషన్లు ఆగిన రోజున, ఏడాదికొకసారి చేసేవాళ్ళం.

వేడి ఎలా చూపించాలన్నది నాకు పెద్ద చిక్కయింది. దూది మధ్య కాగడా పట్టుకుని తిరగలేను కదా. ఉడుకునీళ్ళ చెంబు వెదురుకు కట్టి ఎత్తి చూశాను, సగం నీళ్ళు నా నెత్తినే పడ్డాయి. రెండు రోజులు తలకు నూనె రాసుకుంటూ తిరిగాను. మిల్లు గేటు బయట శెనక్కాయలు వేయించి అమ్మే ఒకావిడ ఉండేది. ఒకరోజు సాయంత్రం ఆమె దగ్గర పొట్లం కొంటూ, మూకుడులో నల్లగా కాలిన ఇసుకను అలా చూస్తూ నిలబడిపోయాను. మంట లేదు, రవ్వ లేదు, వేడి మాత్రం బోలెడంత. ఒక ఇనుప గిన్నెకు చిల్లుల మూత పెట్టించి, దాన్ని వెదురు కొసకు బిగించి, ఆవిడ ఇసుక నింపుకుని వెళ్ళి ఒక డబ్బీ కిందికి ఎత్తాను. తలకాయ పగిలేలా గంట మోగింది. అప్పటినుంచి ఏటా పరీక్ష రోజున హాలంతా వేయించిన శెనక్కాయల వాసన వచ్చేది. ఆడవాళ్ళు నన్ను చూసి, 'గంటప్పా, కాయలేవి? ఉత్త ఇసుకేనా తెచ్చేది?' అని ఆట పట్టించేవాళ్ళు.

ఆ ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉండేది. నూలును కండెలకు చుట్టే హాలులో, కిటికీ పక్కన మిషన్ ఆమెది. మాది దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇల్లు. నాన్న పోయాక మగ్గం చిన్నాన్నకు పోయింది, అమ్మ నన్ను వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చి మిల్లులో చేరింది. ఆమెకు మిల్లు కొత్తగా అనిపించలేదట. ఇంట్లో ఒక మగ్గం చప్పుడు, ఇక్కడ వంద మగ్గాల చప్పుడు, అంతేగా అనేది. నాన్న మగ్గానికి ఆయుధపూజ చేసినట్టే ఆమె తన మిషన్‌కు ఏటా చేసేది. పసుపు, గంధం, కుంకుమ, వర్తూరు వైపు నుంచి వచ్చే సేవంతి పూల దండ, రెండు వైపులా అరటి పిలకలు, చివరకు సాంబ్రాణి ధూపం, కర్పూర హారతి. ఆ హారతి వెలుగులో ఆమె మిషన్‌ను చూసే చూపు నేనెప్పుడూ మరిచిపోలేను. నన్ను కూడా అంత ప్రేమగా చూసేది కాదేమోనని అప్పుడప్పుడు కుళ్ళుకునేవాణ్ణి.

పూజ చెడిపోయింది నా గంట వల్లే. ఒక సంవత్సరం ఆయుధపూజ నాడు, హాలు మూలన అటక కింద పైకప్పు కిందికి ఉండేచోట, ఎవరో పెద్ద పళ్ళెంలో కర్పూరం వెలిగించి, దేవుడి పటానికి అందాలని బాగా పైకెత్తారు. పటానికి అందలేదు గానీ అక్కడున్న నిప్పు డబ్బీకి వేడి బాగా అందింది. గంట మోగింది. యుద్ధం రోజులవి. ఊళ్ళో సైరన్లు మోగించి బాంబులొస్తే ఎలా దాక్కోవాలో నేర్పిస్తున్న రోజులు. మిల్లు ఆవరణలో కూడా దాక్కోవడానికి పొడుగ్గా గుంతలు తవ్వి పెట్టారు. గంట వినగానే ఎవరో 'బాంబులు!' అని అరిచారు. హాలు హాలంతా లేచి పరుగెత్తి ఆ గుంతల్లోకి దూకేసింది. అంతకు ముందు రోజే మంచి వాన పడింది. గుంతల్లో నడుం లోతు బురద. పండగ పట్టుచీరలతో, తలనిండా పూలతో, మా అమ్మతో సహా అందరూ ఆ బురదలో నిలబడి ఆకాశం వంక చూశారు. ఆకాశంలో గద్ద ఒకటి తిరుగుతోంది.

ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. బురద కారుతున్న చీరలతో ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు. 'నీ గంటకు దేవుడికీ దెయ్యానికీ తేడా తెలీదా?' అని ఒకావిడ నా చొక్కా పట్టుకుంది. మిల్లు మేనేజరు దొర వచ్చి చూశాడు. ఆయన కోప్పడలేదు. దూది నిండిన హాలులో కర్పూరం వెలిగిస్తున్నారని అప్పటిదాకా ఆయనకు తెలియదట. ఆ మాట వినగానే మొహం పాలిపోయింది. మర్నాడు గోడకు కన్నడంలో, ఇంగ్లీషులో బోర్డు తగిలించారు. అమ్మకు చదువు రాదు, నన్ను చదివి చెప్పమంది.

"హాలులో ఏ రూపంలోనూ నిప్పు ఉండకూడదని రాశారు," అన్నాను.

"పూజకు కూడానా?"

"పూజకు కూడా."

"నువ్వేమంటావప్పా?"

నేనేమంటాను? మిల్లులో అందరికన్నా ఎక్కువగా నిప్పుకు భయపడేవాణ్ణి నేనే. ఆ బోర్డు సరైనదే అన్నాను. అమ్మ తల ఊపింది. తర్వాత చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, 'ఇంగ పెట్టేదా?' అని మాత్రం అడిగేది. నేను కూడా మొండివాణ్ణి, నాది తప్పు లేదని బిగుసుకుని కూర్చున్నాను.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో అమ్మ కళ్ళు బాగా మసకబారాయి. చుట్టే నూలు తెగితే ఆ కొసను పట్టుకుని ముడి వెయ్యాలి. ఖాకీ నూలు ఆ హాలు వెలుతురులో కళ్ళున్నవాళ్ళకే కనిపించదు. ఆమె వేళ్ళతో తడుముకుని ముడి వేసేది. కొన్ని నెలలు ఎవరికీ తెలియనివ్వలేదు. దసరాకు ముందు ఒక సాయంత్రం పీట మీద కూర్చుని చేతులు చూసుకుంటూ అంది.

"పండగ అయినాక ఆపేస్తానప్పా. వేలు మిషన్‌లో పడేలోపల ఆపేస్తే మేలు."

"మంచిదే కదమ్మా," అన్నాను.

"మంచిదే. ఇన్నేండ్లు అన్నం పెట్టిన మిషను. పోయేటప్పుడు ఒక ధూపం వేసి, దండం పెట్టి వస్తే బాగుండు. అది కూడా లేకుండా ఉండాది." ఆ మాట అని లేచి వెళ్ళిపోయింది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వాదించేవాణ్ణి. అడగలేదు కాబట్టే ఆ మాట నన్ను వదల్లేదు.

హాలులో నిప్పు ఉండకూడదు. అది నా మాట కూడా. కానీ ఆమెకు ధూపం కావాలి. ఈ రెండూ ఒకచోట ఎలా కుదురుతాయా అని రాత్రీ పగలూ అదే ధ్యాసలో తిరిగాను. మర్నాడు సాయంత్రం శెనక్కాయల ఆవిడ బండి దగ్గర నిలబడి కాయలు ఒలుచుకుంటుంటే, కాయలు తీసేసిన మూకుడులో, దోమలకని ఆమె చిటికెడు సాంబ్రాణి ఆ వేడి ఇసుక మీద చల్లింది. గుప్పుమని తెల్లటి పొగ లేచింది. బొగ్గు లేదు, మంట లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఏటా నా వెదురు కొసన ఎత్తుతున్నది అదే ఇసుక కదా!

పరుగున దొర దగ్గరికి వెళ్ళాను. ఆయనకు కన్నడం అంతంత మాత్రం, నాకు ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. ఖాకీ గుడ్డ తొందరలో మిషన్లు ఆపక ఆ ఏటి పరీక్ష ఇంకా మిగిలే ఉంది. ఆయుధపూజ నాడు మధ్యాహ్నం నుంచి ఎలాగూ మిషన్లు ఆగుతాయి కనుక, డబ్బీల పరీక్ష ఆ రోజే పెట్టుకుంటానన్నాను. మంచిదే అన్నాడు. అప్పుడు సాంబ్రాణి సంగతి కూడా చెప్పాను. దాచి చేస్తే ఆ పొగ నాకు కూడా అక్కర్లేదనిపించింది. ఆయన గిన్నె తెప్పించుకుని చూశాడు, మూత చిల్లులు చూశాడు, ఆ వేడి ఇసుక మీద తనే ఒక దూది పోగు వేసి అంటుకుంటుందేమోనని చాలాసేపు చూశాడు. దూది కమిలింది గానీ అంటుకోలేదు. మూత మీద ఇంకో మూత వెయ్యి, నీ చేతి నుంచి ఆ కర్ర ఎవరికీ ఇవ్వకు, నీళ్ళ బకెట్లు పక్కన పెట్టుకో, అన్నాడు. తర్వాత వేలితో సాంబ్రాణి పలుకు తీసుకుని వాసన చూసి, చిన్నప్పుడు చర్చిలో ఇలాంటి వాసనే వచ్చేదని చెప్పాడు.

పండగ నాడు మధ్యాహ్నం మిషన్లు ఆగాయి. ఏడాది పొడుగునా చెవులు బద్దలు కొట్టే హాలు అలా నిశ్శబ్దమైతే మన ఊపిరి మనకే వినిపించి వింతగా ఉంటుంది. ఎవరి మిషన్ వాళ్ళు తుడిచి బొట్లు పెట్టుకున్నారు. నిమ్మకాయలు కట్టారు. బొరుగులు, పుట్నాలు, బెల్లం కలిపిన పొట్లాలు చేతులు మారుతున్నాయి. గంట మోగుతుంది, అది పరీక్ష కోసమే, ఎవరూ గుంతల్లోకి దూకొద్దు అని అన్ని హాళ్ళకూ తిరిగి చెప్పి వచ్చాను. 'ఈ ఏడు గుంతల్లో నీళ్ళు లేవులేప్పా, పడినా ఏం కాదు' అని నవ్వారు.

శెనక్కాయల ఆవిడ గేటు దగ్గర ఇసుక కాల్చి ఇస్తే, మూతల గిన్నెలో పోసి, పైన సాంబ్రాణి పొడి చల్లి, వెదురు భుజాన పెట్టుకుని హాలులోకి వచ్చాను. చిల్లుల్లోంచి పొగ సన్నగా వస్తోంది. మొదటి డబ్బీ కిందికి ఎత్తాను. మొదటి మిషన్ ఆమె చేతులు జోడించింది. పొగ పైకి పోయి డబ్బీ చుట్టూ తిరిగింది, మరుక్షణం గంట గణగణ మోగింది. దేవుడి గుళ్ళో ధూపం వేస్తే గంట కొట్టినట్టే ఉంది. ఒక్క క్షణం అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఆ తర్వాత హాలంతా చప్పట్లు. నా చొక్కా పట్టుకున్న ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, 'నీ గంటకు ఇప్పుడు బుద్ధి వచ్చిందప్పా' అంది.

అలా వరసగా ఒక్కో మిషన్‌కు ధూపం, ఒక్కో డబ్బీకి వేడి. ఇసుక చల్లారితే మళ్ళీ గేటుకు పరుగు. మిషన్ల షాఫ్టులకు, చక్రాలకు నూనె పోసే పెద్దాయన నాకు నిచ్చెన మోసి సాయం చేశాడు. నోట్లో వక్కాకు, భుజాన నూనె గుడ్డ, మనిషి మాట్లాడడం తక్కువ. అమ్మ మాత్రం, 'నాది ఆఖరికి పెట్టుకోప్పా, నిదానంగా దండం పెట్టుకుంటాను' అంది. పట్టుచీర కట్టుకుని, తన మిషన్ పక్కన నిలబడి, మసక కళ్ళతో ఆ పొగ తన వైపు రావడం చూస్తోంది.

ఆమె దగ్గరికి వచ్చాను. గిన్నెలో కొత్త ఇసుక, మిగిలిన సాంబ్రాణి అంతా వేసేశాను. పొగ బాగా వచ్చింది. అమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. గిన్నెను మెల్లగా డబ్బీ కిందికి ఎత్తి పట్టుకున్నాను. అందరూ గంట కోసం చెవులు రిక్కించారు.

గంట మోగలేదు.

ఇంకాస్త దగ్గరికి జరిపాను. చేతులు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. మోగలేదు. ఇసుక చల్లారిందేమోనని పక్క మిషన్ మీది డబ్బీకి చూపించాను, వెంటనే మోగింది. మళ్ళీ అమ్మ మిషన్ దగ్గరికి తెచ్చాను. పొగ డబ్బీని పూర్తిగా కమ్మేసింది, అది మాత్రం ఉలకలేదు పలకలేదు. హాలులో నవ్వులు ఆగిపోయాయి. అమ్మ కళ్ళు తెరిచి, "ఏమైందప్పా? నా ధూపం పట్టలేదా దానికి?" అంది.

నిచ్చెన వేసి ఎక్కాను. కింద నుంచి చూసినప్పుడు ఇత్తడి రంగులో కలిసిపోయింది గానీ, దగ్గరకు పోతే తెలిసింది. డబ్బీ మీద ఎండిపోయిన పసుపు, దాని మీద గంధం, నూనె జిడ్డుకు నల్లబడిన కుంకుమ. ఎవరో ఇంత దోసిలితో తెచ్చి దట్టంగా పూశారు. చిల్లుల్లోంచి లోపలికి కారి, రేకు మీద, మొన మీద రాయిలా గట్టిపడింది. మూత విప్పితే లోపల ఒక సేవంతి రేక కూడా ఎండి అతుక్కుని ఉంది.

కిందికి చూశాను. నిచ్చెన పట్టుకున్న నూనె పెద్దాయన నోట్లో వక్కాకు ఆగిపోయింది.

"పోయిన పండగకు నేనే పెట్టినాను," అన్నాడు మెల్లగా. "షాఫ్టులకు బొట్లు పెట్టేదానికి పైకెక్కి ఉంటి. మీ అమ్మ గిన్నె అందించి, దానికీ పెట్టు అనింది. బాగా పెట్టు అనింది. పెట్టినాను."

ఏడాది పొడుగునా, హాలంతటిలో ఉన్న ఒకే ఒక్క గుడ్డి డబ్బీ ఆమె తల మీదే వేలాడింది. పొద్దున హాలులోకి వచ్చినప్పుడల్లా ఆ డబ్బీ వంక ఒకసారి చూసి, అమ్మ భద్రంగా ఉందిలే అనుకుని నా పనికి పోయేవాణ్ణి. రాత్రి పాళీకి ఆమె ఒక్కతే వెళ్ళిన రోజుల్లో కూడా, పైన నా డబ్బీ ఉందన్న ధైర్యంతోనే ఇంట్లో నిద్రపోయాను. కళ్ళు కనిపించని మనిషి, చుట్టూ దూది, పైన ఒక మొద్దు రేకు. నిచ్చెన దిగేసరికి భయమంతా కోపమై నోటికి వచ్చింది.

"ఎవరు పెట్టమన్నారమ్మా దానికి? అది దేవుడా? చచ్చిపోయి ఉండేదానివి! తెలుసా నీకు?" అందరి ముందూ అరిచేశాను. అంత గట్టిగా ఆమె మీద నేనెన్నడూ అరవలేదు.

అమ్మ భయపడలేదు. నా అరచేతిలో ఉన్న డబ్బీని తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. కనిపించలేదేమో, వేలితో తడిమింది. ఎండిన పసుపు పొడిగా రాలింది.

"మీ నాయన మగ్గానికి పెడతా ఉంటి. ఈ మిషనుకు పెడతా ఉంటి," అంది. "నాకు అన్నం పెట్టేదానికి నేను పెట్టుకుంటినే, నా కొడుక్కు అన్నం పెట్టేదానికి ఎవురు పెడతారప్పా అనుకుంటి. నీదీ ఆయుధమే కదా. పైన ఉండాది, నాకు అందదు. అందుకని ఆయన్ని అడిగి పెట్టించినాను. చెడిపోతుందని నాకెట్ల తెలుస్తుంది?"

నాతో అవసరానికి మించి మాట్లాడకుండా గడిపిన ఆ నెలలన్నీ, నా పనికి ఆమె పెట్టించిన బొట్టు ఆమె తల మీదే ఉంది. ఇద్దరిలో ఎవరం ఎవరిని కాపాడుతున్నామో నాకు అర్థం కాలేదు. అక్కడే, ఆమె మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడలేదు, ఇప్పుడూ సిగ్గు లేదు.

తర్వాత చెయ్యాల్సింది చేశాను. రేకును స్పిరిట్‌తో కడిగి, మొనను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్ళీ పైకెక్కి బిగించాను. శెనక్కాయల ఆవిడ తనే కొత్త ఇసుక పట్టుకుని లోపలికి వచ్చింది, దోమలకని దాచుకున్న సాంబ్రాణి కూడా ఇచ్చింది. ఈసారి వెదురు నేను ఒక్కణ్ణే ఎత్తలేదు. కర్ర ఎవరి చేతికీ ఇవ్వొద్దని దొర అన్నాడు కనుక ఇవ్వలేదు. నా చేతుల మీదే అమ్మ చేతులు వేయించాను. ఇద్దరం కలిసి ఎత్తాం. ఆమె చేతులు నూలు చుట్టి చుట్టి బిరుసెక్కి ఉన్నాయి. పొగ మిషన్ మీదుగా, సేవంతి దండ మీదుగా పైకి పోయింది. గంట మోగింది. అమ్మ ఉలిక్కిపడి, వెంటనే చిన్నపిల్లలా నవ్వేసింది.

గిన్నె దించాక ఆమె తన పూజ పళ్ళెం తెచ్చింది. గంధం గిన్నెలో వేలు ముంచి, పైకి డబ్బీ వంక చూసింది, నా చేతిలో ఉన్న వెదురు వంక చూసింది, గుమ్మం దగ్గరి గంట వంక కూడా చూసింది. ఎక్కడ పెట్టాలో తెలియక వేలు అలా గాల్లోనే ఆగిపోయింది. ఏది ముట్టుకుంటే ఏది చెడుతుందోనని నా కోపం ఆమెకు భయం నేర్పింది.

అప్పుడు నా వైపు తిరిగింది. నా తల వంచి, నుదుటి మీద నిండుగా గంధం పెట్టి, దాని మధ్య కుంకుమ అద్దింది.

"ఈడ పెడితే ఏమీ చెడిపోదు కదప్పా?" అంది.

చెడిపోదమ్మా అన్నాను. ఆ మరుసటి రోజు నుంచి ఆమె మిల్లుకు రాలేదు.